సర్కిల్లో అత్తయ్య

హలో… ఆఁ, మీ అల్లుణ్ణే అత్తయ్యా. రైలెక్కేశారా?

ఇంకా కార్లోనేనా! ఎక్కడ?… సర్కిల్ దగ్గరా? అది దాటితే స్టేషనేగా…

చుట్టూ తిరుగుతోందా? ఎన్నోసారి?… లెక్కపెట్టడం మానేశారా…

లేదండీ, డ్రైవర్ ఎక్కడా దిగిపోలేదు. ఆ కారుకి డ్రైవరే ఉండడని పొద్దున చెప్పాను కదా…

ఆ సర్కిల్ ప్లాన్ గీసింది నేనేనండీ! కంట్రోల్ రూంలో తెర ముందే ఉన్నాను… ఆఁ, కనిపిస్తున్నారు. తిట్టేటప్పుడు కెమెరా వైపు చూడకండి, ఇక్కడ అందరూ ఉన్నారు…

మీ వెనక ఆ ఆటోలేంటి?… కొత్త రూలనుకుని మీ వెంటే తిరుగుతున్నారా? పాలవ్యాను కూడానా! నా ఖర్మ…

ఇలాంటి కార్లకనే పక్కన తెల్లగీత గీయించి దారి వదిలాం, చూడండి… స్కూటర్లు పెట్టేశారా? నిండానా…

కంగారుపడకండి. రైలు తప్పితే మళ్ళీ వచ్చే వారమేనని నాకు తెలీదా… అబ్బే, మీరుంటే నాకేం ఇబ్బంది? హాల్లో పడుకోవడం అలవాటైపోయింది…

ఒక్కటి చెప్పండి. కారెక్కి ఏమన్నారు?… కారుతో కాదా, మీ అమ్మాయితోనా? సరే, ఏమన్నారు?

"వెళ్ళొస్తా"నా!

అదీ సంగతి. వెళ్ళమన్నారు, రమ్మన్నారు. పాపం, కారు రెంటికీ న్యాయం చేస్తోంది…

గట్టిగా "పోతున్నా" అనండి, చాలు… అపశకునం కాదండీ!… నేను మిమ్మల్ని పొమ్మంటానా?… మీరు పోతే నాకేం— ఛ, ఆ పోవడం కాదు!

సరే, మీరనొద్దు. స్పీకర్ పెట్టండి, నేనే అంటాను… పెట్టారా?

ఏయ్, పో! స్టేషన్‌కి పో!

మిమ్మల్ని కాదు అత్తయ్యా, కారుని!… అయ్యో, ఏడవకండి…

మలుపు తీసుకుంటోందా? భేష్!… ఆటోలు దారివ్వట్లేదా? కిటికీలోంచి చెయ్యి చాపండి… సెన్సర్లున్నాయండీ, ఉంటే? ఆటోవాడు చూసేది చెయ్యేగా… ఆగారా? అందరూనా!… ఈ ముక్క నా ప్లాన్లో లేకపోయె…

స్టేషన్ బోర్డు కనిపిస్తోందా? అమ్మయ్య!… పొమ్మన్నానని మనసులో పెట్టుకోకండి… మీది పెద్దమనసు… ఉంటానండీ.

అత్తయ్యా, అత్తయ్యా! ఫోన్ పెట్టేముందు ఆ మాట మాత్రం—

అనేశారా…

కనిపిస్తోంది లెండి. ఇంటివైపు తిరిగింది…

సరే, మీ అమ్మాయికి చెప్పి అన్నం వండిస్తాను…

ఎవరికి?… వెనకొచ్చే ఆటోవాళ్ళందరికీనా?