పొగ కనబడే చోటు

ఏంట్రా ఫాకిసో, ఆ గట్టు వెనక పల్లంలోనా వేసేది గుడిసె? కూర్చో. కాదన్లేదురా, కూర్చోమంటున్నా. ఆ దుప్పటి కాళ్ళ మీదకి లాక్కో, పొద్దున్నించీ గాలి దక్షిణం నించి కొడుతోంది. గడ్డి బాగుందంటావ్. ఉంటుంది. మోకాలెత్తున ఉంటుందక్కడ, నాకు తెలీదా. గాలి తగల్దు, పక్కవాడి గొర్రెలు రావు, ఊటనీళ్ళున్నాయి. ఊరిపెద్ద కూడా నీ ఇష్టం వచ్చిన చోట వేసుకోమన్నాడు. మంచు పడేదాకా మందతో ఒక్కడివే ఉండాల్సినవాడివి, నీ ఇష్టమే మరి. నేనేం అన్నా? ఏం అన్లేదు. మా మేనమామ సెయాబాతా గుర్తొచ్చాడు, అంతే. ఆయనైతే నీ పల్లం చూసి గుర్రం కూడా దిగేవాడు కాదు.

నువ్వు చూళ్ళేదులే ఆయన్ని. మీ నాన్న ఇంకా పాకుతుండగానే పోయాడాయన. పొట్టిమనిషి, గడ్డిటోపీ మాత్రం ఇంత. దూరం నించి చూస్తే టోపీ ఒక్కటే గుర్రమెక్కి వస్తున్నట్టుండేది. ఉన్ని అమ్మడానికి గాడిదల్ని తోలుకుని పోతాం చూడు, ఆయన కూడా వస్తున్నాడంటే మా వాళ్ళందరికీ కడుపునొప్పి వచ్చేది. ఎందుకంటే సాయంత్రం దిగాలిగా ఎక్కడో అక్కడ. మన లెసోతో ఎంత, కొండెక్కి గట్టిగా తుమ్మితే అవతలి దేశం వాడు దుప్పటి సర్దుకుంటాడు. ఈ కాస్త దేశంలో ఆయనకి ఓ పక్క వేసుకునే చోటు దొరికేది కాదు. ఏటి ఒడ్డున దిగుదాం మామా అంటే, ఏరు రాత్రంతా కబుర్లు చెబుతుంది, నేను వినలేను అనేవాడు. గుహలో అంటే, నా గురక నాకే తిరిగొస్తుంది అనేవాడు. కొండకొమ్మున అంటే పిడుగు. సరే, అదొక్కటి న్యాయమే. ఏదన్నా నచ్చిందనుకో, టోపీ తీసి, ఊరిపెద్ద ఇంటి ముందు నిలబడి అడిగినట్టు అడిగేవాడు. "ఇంతకుముందు ఇక్కడ పడుకున్న పెద్దలారా, బాటసారులం, ఈ పూటకి చోటివ్వండి." అడిగి, గుర్రాన్ని వదిలేవాడు. అది తల వంచి మేస్తే ఇచ్చినట్టు. చెవులు నిక్కబెట్టిందా, "ఒద్దంటున్నారు, పదండి." ఓసారి లెఫా, మా చిన్నాన్న కొడుకులే, వాడి నోరు ఊరుకోదు, "ఆకలేసిన గుర్రం ఎక్కడైనా వంచుతుంది పెద్దాయనా" అన్నాడు. "అందుకేరా దానికి దారిలో మేత పెట్టి తెచ్చా, దొంగసాక్ష్యం చెప్పకుండా" అన్నాడు మామ.

మీ నాయనమ్మకి ఓలిగా వాళ్ళ నాన్నకిచ్చే పశువుల్ని తోలుకెళ్ళింది చెప్పానా నీకు? అదిగో, లోపల గిన్నెల చప్పుడు ఆగింది చూడు. వినబడదంటుంది గానీ ఈ కథ మాత్రం వినబడుద్ది. వాళ్ళ నాన్న, పోయినాయన్ని అనకూడదు గానీ, గట్టిపిండం. నదికి అటువైపు ఇంకో ఇంటివాళ్ళు కూడా మొలియేహిని, అదే మీ నాయనమ్మని, అడుగుతున్నారు. ఈయనేమో ఇద్దరికీ ఒకటే మాట పంపాడు. ఫలానా రోజు పొద్దెక్కేలోపు ఎవరి పశువులు ముందు నా దొడ్లో ఉంటే వాళ్ళకే పిల్ల, అని. నాకప్పుడు తిండి లేదు, నిద్ర లేదు. పెళ్ళికొడుకు పశువుల వెంట పోకూడదు నిజానికి. కానీ మగవాళ్ళంతా అవతలి దేశం గనుల్లో పనికి పోయారు, తోలేవాళ్ళేరీ? మామా, లెఫా, నేనూ. "దుప్పటి తలమీంచి కప్పుకో. ఎవరన్నా అడిగితే జీతగాణ్ణని చెప్పు" అన్నాడు మామ.

ఆ ముందురోజు పొద్దువాలేసరికి వాళ్ళ ఊరి కింద ఏటి ఒడ్డుకి చేరాం. చదునుగా, పచ్చగా, పశువులు తమంతట తామే పడుకున్నాయి. పొద్దున లేచి గుట్టెక్కితే దొడ్డి. లెఫా గాడిద మీది బరువు కూడా దించేశాడు. మామ చుట్టూ ఓసారి తిరిగాడు. లోయ అది, ఎటు చూసినా గోడలే. "ఒద్దు, ఎత్తండి" అన్నాడు. ఇక చూడు. పడుకున్న పశువుల్ని లేపి, మళ్ళీ వెనక్కి, ఇవతలి కొండ మీదకి. ఆ వాలు ఎలాంటిదంటే, కుండ పెడితే దొర్లిపోతుంది. ఓ ఆవు జారి వెనకదాని మీద పడి, వెనకది లెఫా మీద పడి, వాడు ఆయన్ని తిట్టిన తిట్లు మీ నాయనమ్మ వింటోంది, చెప్పను. నాకూ ఒళ్ళు మండింది. "మామా, పెళ్ళి నాకా, ఈ కొండకా?" అన్నా. "జీతగాడివి నువ్వు. జీతగాళ్ళు మాట్లాడకూడదు" అన్నాడు. టోపీ తీశాడు, పెద్దల్నడిగాడు, గుర్రాన్ని వదిలాడు. నేను దాన్నే చూస్తున్నా. తల వంచలేదురా. చెవులు రెండూ ఇలా నిలబెట్టి, పళ్ళు బిగించి నిలబడింది. ఈయనేమో, "వంచింది, దిగండి" అన్నాడు. గుర్రం వంక చూడను కూడా చూళ్ళేదు. లోయ అవతల చూస్తున్నాడు. అక్కడ ఎవరిదో నిప్పు, ఎర్రగా, గోరంత. అది చూసి పెద్దగా ఊపిరి వదిలి, రాయి మీద కూలబడి పొగాకు గొట్టం ముట్టించుకున్నాడు. అప్పుడు నాకేం పట్టలేదది. ఆకలి నాకు.

పిడకలు అంటించి సంగటికి నీళ్ళు పెట్టామో లేదో, అవతల్నించి అరుపు. "ఎవరయ్యా అక్కడ నిప్పేసిందీ?" ఆ లోయలో మాట పడిపోదు, కొండకీ కొండకీ తగిలి వస్తుంది. మామ ఫలానా అని చెప్పాడు. తర్వాత, "నేను మొసాలాని, మొలియేహి అన్నని. పశువులతో రాకండి. మా అవ్వ పోయింది. రేపు మట్టి చేస్తాం. మీకు మాట పంపాం, మనిషి మిమ్మల్ని వెతికి వెతికి తిరిగొచ్చాడు" అన్నాడు. ఎలా దొరుకుతాం, ఈయన దిగే చోట్ల కోసం మమ్మల్ని తిప్పిన దారిలో మేకలు కూడా నడవవు. పొద్దున్నే కొరడాలు ఝళిపించుకుంటూ, పాట పాడుకుంటూ, శవం ఉన్న ఇంటికి పెళ్ళి పశువుల్ని తోలి ఉంటే? ఏ ముఖం పెట్టుకుని మళ్ళీ ఆ గడప తొక్కుతాం. తరాలు పోయినా మాసిపోదు అది. మామ లేచి, పశువుల మధ్యకి పోయి, అన్నిట్లోకీ మంచి ఎద్దుని, నల్లది, మేనమామ వంతుగా తను తెచ్చిందాన్ని, మెడ మీద తట్టాడు. "ఇది పెళ్ళికి కాదిక. అవ్వకి. తోలు ఆవిడకి కప్పుతారు" అన్నాడు.

తెల్లారి మిగతావాటిని మొసాలా మనుషులకి అప్పజెప్పి, ఆ ఒక్కదాన్నీ పట్టుకుని, చావింటికి వెళ్ళేవాళ్ళలా దుప్పట్లు తిరగేసి కప్పుకుని, నోరెత్తకుండా వెళ్ళాం. వెళ్ళి దొడ్డి పక్కన కూర్చున్నామో లేదో, గుట్ట కింద పాట. ఆ రెండో ఇంటివాళ్ళు. గంటలు, కొరడాలు, ఈలలు, వాళ్ళ కోడెలు ఎంత బలిసున్నాయో, పాపం. ఏటి ఒడ్డున మా చదును మీదే పడుకున్నార్ట రాత్రి, హాయిగా. మొలియేహి నాన్న దొడ్డి తలుపు దగ్గరికెళ్ళాడు. తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు, అంతే. పాట తెగిపోయింది. తర్వాత వచ్చి మా నల్ల ఎద్దుని చూశాడు, మామని చూశాడు, నన్ను చూశాడు. "ఈ జీతగాడు సొంత అవ్వ పోయినట్టు ఏడుస్తున్నాడే, వీడికి సంగటి పెట్టండి" అన్నాడు. తెచ్చింది ఎవరనుకున్నావ్. గిన్నె నా ముందు పెట్టి, "జీతగాడికి చెప్పులు కొత్తవే" అని గొణిగి పోయింది. మైల తీరాక పశువులు దొడ్లోకి వెళ్ళాయి. మీ నాన్న పుట్టాడు, నువ్వు పుట్టావు.

అప్పట్నించీ ఊళ్ళో సెయాబాతాకి అన్నీ ముందే తెలుస్తాయని పేరొచ్చింది. లెఫా కూడా నోరు మూసుకున్నాడు. ఏం తెలుసురా ఆయనకి? అవ్వ సంగతి ఆయనకి కలొచ్చిందా? ఆయన పోయాక, ఆ టోపీ పక్కన పెట్టుకుని కూర్చుని, మా అమ్మ చెప్పింది. నీ వయసప్పుడు గొర్రెల్తో పైకెళ్ళాడట ఒక్కడే. మంచి గడ్డి, మంచి చోటు. ఒకటే మంచు కురిసింది. తలుపు కప్పేసింది, దారి కప్పేసింది. వీడు నిప్పు వేస్తూనే ఉన్నాడు, పొగ లేస్తూనే ఉంది, చూసేవాడేడీ? ఊరి నించి కనబడదు, ఏ గుడిసె నించీ కనబడదు. మగవాళ్ళు తవ్వుకుంటూ వెళ్ళేసరికి, వంటకుండతో అంటున్నాడట, "నువ్వు లోపలికి పో, చుట్టాలొచ్చారు" అని. మా అమ్మ అది నవ్వుతూనే చెప్పింది మొదలెట్టినప్పుడు. ఆ తర్వాత ఆయన ఎక్కడ దిగినా, ఆ గుర్రం, ఆ పెద్దలు, ఏటి కబుర్లు, అన్నీ ఉత్తివేరా. ఎవరిదో ఒకరి నిప్పు కంటికి ఆనితే చాలు, కుండ దొర్లిపోయే చోటైనా పడుకునేవాడు. ఆ మాట నోటితో అనలేక గుర్రం మీద పెట్టేవాడు.

ఫోనుందంటావా. ఉంది. గట్టు వెనక అది పనిచెయ్యదని ఇందాక నువ్వే అన్నావు. ఆ పల్లంలో ఊట పక్కన మూడు పొయ్యిరాళ్ళుంటాయి, నల్లగా, సగం భూమిలోకి దిగి. చూశావా? చూసే ఉంటావ్. వాటి మీదే వండుకుందామనుకుంటున్నావు కదూ. ఎవరు పెట్టారనుకున్నావ్ వాటిని.

ఒద్దని అన్నానా నేను? అన్లేదు. రేపు వెళ్ళి, ఆ రాళ్ళ మధ్య నిప్పెయ్. వేసి, లేచి నిలబడి చుట్టూ చూడు. ఎవరిదన్నా పొగ కనబడిందనుకో, శుభ్రంగా అక్కడే వేసుకో గుడిసె.

కనబడదా.

ఊఁ. మొలియేహీ, ఏదో మాడుతున్న వాసనొస్తోంది, చూడు.