సగం పట్టీ జింక్ మాత్రలు

నా పేరు ప్రహ్లాద్, తండ్రి బాలయ్య, వయసు 73, ఆబిడ్స్‌లో కోట్లు కుట్టే దర్జీని, నివాసం నాంపల్లి. నాలుగో తరగతి దాకా చదివాను. ఎస్సై సారు అడిగితే చెప్తున్నాను. సంతోషంగా చెప్తున్నాను, భయపడి కాదు.

వరుసగా మూడు చలికాలాలు నిమోనియాతో దవాఖానలో పడ్డాను. నా బిడ్డ రశ్మి డైటీషియన్. రక్తపరీక్ష చేయించింది, జింక్ తక్కువని తేలింది. "నాన్నా, ఈ వయసుల జింక్ తక్కువైతే రోగంతోని కొట్లాడే బలం తగ్గుతది. పల్లీలు, శనగలు, గుమ్మడి గింజలు తిను" అన్నది. డాక్టరుతో రోజుకొక మాత్ర రాయించింది, మూడు నెలలకే. ఈ చలికాలం ఒక్క తుమ్ము లేదు సార్. ఒక్క తుమ్ము! అంతా మాత్రల వల్లనే అనలేమంటుంది ఆమె. నేనంటాను. నాలుగో తరగతి దర్జీకి ఎసువంటి బిడ్డ పుట్టింది!

పెంటయ్య నా దోస్తు. నలభై ఏండ్లుగా పొద్దున ఏడింటికి నాంపల్లి స్టేషన్ ఎదుటి హోటల్లో ఒక చాయ్ చెప్పి ఇద్దరం పంచుకుంటాం, వన్ బై టూ. బిస్కెట్ కూడా అంతే, పేపరు కూడా అంతే. 2025 జనవరి 9న "ఏందిరా, పెండ్లికొడుకు లెక్క అయినవ్" అన్నాడు. మాత్రల సంగతి చెప్పాను. "మరి నా సగమేది?" అన్నాడు.

ఇంటికొచ్చి రశ్మిని అడిగాను. "వద్దు నాన్నా. పరీక్ష చేయకుండ ఎవ్వలకీ ఇయ్యొద్దు. ఎక్కువైతే ఉల్టా ఉన్న బలమే పోతది" అన్నది. నేను వినలేదు. మర్నాడు కోటుగుడ్డ కోసే కత్తెరతోనే పది మాత్రల పట్టీని సగానికి కోసి హోటల్లో ఇచ్చాను. ఐదు మాత్రలు. రోజుకొకటే అని చెప్పాను. నేను చాయ్ తెచ్చేలోపు ఆయన ఐదూ ఒక్కసారే, పరగడుపున వేసుకున్నాడు. తొమ్మిదింటికి వాంతులు. నేనే ఆటోలో దవాఖానకు తీసుకుపోయాను. సాయంత్రానికి లేచి కూర్చుని, "జల్ది నీ లెక్క అవుదామనుకున్న రా" అని నన్నే తిట్టాడు. ఆయన కొడుకు దుర్గేష్ మాత్రం ఆమే ఇప్పించిందని నా బిడ్డ మీద ఫిర్యాదు పెట్టాడు, ఆమె నౌకరి పోవాలని.

రాసుకోండి సార్. ఇచ్చింది నేను. కోసింది నేను. కేసు నా మీద పెట్టుకోండి. ఇది చాయ్ కాదు పంచుకోవడానికి. ఈ తప్పులో నా బిడ్డకు సగం లేదు.

సారు రాసుకున్నది చదివి వినిపించినప్పుడు "కూతురు ఇవ్వమనగా ఇచ్చాను" అని ఉంది. సంతకం చేయనన్నాను. ఆ మాట కొట్టేయించి, "కూతురు వద్దన్నా ఇచ్చాను" అని రాయించాను. కొట్టివేత పక్కన ఒక సంతకం, కింద ఒక సంతకం పెడుతున్నాను. ఇప్పుడు ఇది నా మాట, నిజమైన మాట.

(సంతకం) ప్రహ్లాద్