సాంచాలు ఆగినంక

లాక్‌డౌన్‌తో, బతుకుదెరువుకు వలస వచ్చిన ఉధ్నాలో సాంచాలనే మరమగ్గాలన్నీ ఆగి రెండు నెలలైంది. ఒక్క గదే ఇల్లు. కూతురు ఫోన్లో చేపల కోర్సు పాఠాలు వింటుంటే, నేత పనిచేసే నరహరి గోడకానుకుని కూచుని తనూ విన్నాడు, రోజూ.

"బాపూ, నాతోని కాదు. చదువు బంద్ చేస్త. ఈ చేపల కొవ్వు పాఠం దిమాగ్‌ల దిగుతలేదు."

"గదేముంది బిడ్డా? సముద్రపు చేపకు ఆ ఒమేగా-త్రీ అనే మంచి కొవ్వును ఒంట్ల తయారు చేసుకునుడు రాదు. అది నాచుల పుడ్తది, నాచు తిన్న చిన్న చేపల్ని తింటే దీనికొస్తది. ఆకలైతే వేరే కొవ్వు కరగబెట్టుకుంటది గని, దీన్ని మెదడుకు, కండ్లకు దాసుకుంటది."

"నీకెట్ల తెలుసు?"

"పనిలేక మీ అమ్మ పెట్టిన బువ్వ, మీ సారు చెప్పిన పాఠం రెండూ తింటున్న గద. బువ్వ పొట్టల దాసుకున్న, పాఠం తలకాయల. ఆడ జాగ శానా ఖాళీగుండె."

"నీకు సరిగ ఇనరాదనుకున్న."

"సాంచాల చప్పుడుల ఎవలేమన్నా ఇనరాకపోతుండె. అందరికీ ఊ అని తలూపుడే."

"మరి నేను సాంచాల కాడికొచ్చి, ఈ కోర్సుల చేరుతనంటే ఊ అన్నవు?"

నరహరి నాలుక కరుచుకున్నాడు.

"ఇనలే బిడ్డా. నీ మొఖం జూసి ఊ అన్న. ఇనుంటే, బట్ట నేసే సాలోళ్ల పిల్లకు చేపల చదువెందుకని వద్దంటుంటి. గంత తెలివి నాది."

"ఇప్పుడు బంద్ చేస్తనన్నది?"

"అది మంచిగ ఇనవడ్డది. అందుకే ఊ అంటలేను."