ఎత్తిన చెయ్యి

స్పే నది ఒడ్డున ఊనా గాలం విసరడం నేర్చుకుంటోంది. నేర్పుతున్నది చనిపోయిన భర్తకు అన్నగారు.

"మోచెయ్యి పక్కటెముకలకి ఆనించమ్మా. ముంజేత్తోనే విసరాలి."

"మీ తమ్ముడు చెయ్యంతా పైకెత్తేవారుగా, బావగారూ?"

"వాడు చెబితే వినేరకమా? భుజం నొప్పే గానీ దారం దూరం పోయేది కాదు."

"నాకు దూరం అక్కర్లేదు. వంతెన మీంచి చూస్తే, ఒడ్డున గాలాలేసే అంతమందిలో ఆ చెయ్యొక్కటే కనిపించేది. టీ పట్టుకుని నేరుగా అక్కడికే దిగేదాన్ని."

ఆయన దారం వెనక్కి చుట్టాడు.

"ఒక్కసారి ఆయనలా విసరండి. నేను పైనుంచి చూస్తాను."

"నాకు రాదు తల్లీ."

"వస్తుంది. ఒక్క కడుపున పుట్టినవాళ్ళేగా!"

ఆమె వంతెన ఎక్కేదాకా ఆగి, ఆయన చెయ్యి నిండుగా ఎత్తి విసిరాడు. దారం కాళ్ళదగ్గరే చిక్కుపడి కూలింది.

"అచ్చం ఆయనే!"

పైనుంచి నవ్వు వినిపించింది. ఆయన చెయ్యి దించి, చిక్కు విప్పడానికి వంగాడు.

"బావగారూ, మళ్ళీ ఎత్తండి... అప్పుడే దించకండి."