నేను పంపిన సాక్ష్యం

అది కాదండీ అయ్యగారూ, ఫొటో మీకొక్కరికే అని రాశానా లేదా? ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి, ఎవరికీ చూపించకండి అని బతిమాలుతూ రాశాను. మీరేం చేశారు? ఆవిడ ముఖం చుట్టూ ఎర్రటి సున్నా చుట్టించి, సంఘం పత్రికలో మొదటి పేజీలో వేయించారు. అది చాలదన్నట్టు ఇంగ్లీషులోకి మార్పించి ఇంటర్నెట్లో పెట్టించారు!

కూర్చోండి, కూర్చోండి. ఇంత దూరం విమానమెక్కి వచ్చారు, నిలబెట్టి మాట్లాడతానా? ఆ కిటికీ పక్క బెంచీ మీద కూర్చోండి. ఆవిడ చోటు అదే. మీకు ఫొటో తెలుసు గానీ మనిషి తెలియదుగా!

హోటల్ బట్టలు ఉతికే లాండ్రీలో ఇస్త్రీ పని ఆవిడది. భర్త పోయాడు. ఎనిమిదేళ్ళ కూతురు. ఉండేది అన్నయ్య ఇంట్లో. ఇంగ్లీషు వస్తే హోటల్లో లోపలి ఉద్యోగం ఇస్తామన్నారట, గదుల తాళాలు ఇచ్చే చోట. అందుకని రాత్రి డ్యూటీ దిగగానే, ముఖానికి పట్టిన ఆవిరైనా ఆరకుండా నా ఇంగ్లీషు క్లాసుకి పరుగెత్తుకొచ్చేది. ఎన్ని సందేహాలనుకున్నారు! నేను ప్రశ్నల పుట్ట అని పేరు పెట్టాను.

మీరు పంపిన ఈ ఊళ్ళో నా పని ఏముందండీ? పొద్దున్నే తాళం తీయడం, కింద కుట్టుమిషన్ల చప్పుడు మొదలవకముందే ఒక క్లాసు లాగించడం. ఓడకీ గొర్రెకీ, షిప్‌కీ షీప్‌కీ, తేడా పలికించేసరికి నా నోరు పడిపోయేది. క్లాసులో సెలూన్ నడిపే ఆయన ఒకడు లేచి, గొర్రె ఎక్కి సముద్రం దాటి వచ్చాను టీచర్ అనేవాడు. ఆవిడ పడీ పడీ నవ్వేది. అంతే, అదే నా పరిచర్య. మూడేళ్ళు.

మీకు అది సరిపోలేదు. అవునా కాదా? ప్రతి మూడు నెలలకీ ఆ ఫారం వచ్చేది. ఎన్ని ఆత్మలు రక్షింపబడ్డాయి? సున్నా. మళ్ళీ సున్నా. మీరు ఫోన్ చేసి, కోప్పడకుండా, మెత్తగా, "భూమి ఇంకా పదును కాలేదా తల్లీ?" అనేవారు. తిట్టినా బాగుండేది. చిన్నప్పుడు మీ సండేస్కూల్లో వాక్యాలు అప్పజెప్పి పెరిగినదాన్ని. మీ చేతుల మీదే బాప్తిస్మం తీసుకున్నదాన్ని. మీ గొంతు చిన్నబోతే నాకు అన్నం సహించేది కాదు.

ఏమిటీ? నా మీద నమ్మకంతోనే వేయించారా? నమ్మకమా అండీ! అడిగారా నన్ను ఒక్క మాట?

పత్రిక సంగతి వాళ్ళ అన్నయ్య నోట వినేదాకా నాకు తెలియదు. రంగులు, మేకులు అమ్మే కొట్టు ఆయనది. చెడ్డవాడేం కాదు. క్లాసు మధ్యలో వచ్చి, తలుపు దగ్గర చెప్పులు విప్పి మరీ లోపలికొచ్చాడు. చేతిలో కాగితం. ఎవరో ఇంటర్నెట్లో చూసి, ప్రింటు తీసి కొట్టు గోడకి అంటించి పోయారట. బల్ల మీద పరిచాడు. ఎర్రటి సున్నాలో ఆవిడ నవ్వుతోంది, కింద ప్రభువును అంగీకరించిందన్న నా రాత.

"టీచర్, ఇది నిజమేనా?" అన్నాడు. అంతే. అరవలేదు, చెయ్యెత్తలేదు.

నేను నేల చూశాను అయ్యగారూ. పన్నెండుమంది పెద్దవాళ్ళు, పుస్తకాలు మూసి, నా నోటివంక చూస్తున్నారు. ఆవిడా చూస్తోంది.

మతం మారిందని వారంలో ఇంట్లోవాళ్ళు పని మాన్పించారు. ఎక్కడో రాత్రంతా బస్సులో పోవాల్సిన ఊళ్ళో మేనత్త ఉంటే అక్కడికి పంపేశారు. కూతుర్ని మాత్రం ఇక్కడే ఉంచుకున్నారు, తల్లి దగ్గర ఉంటే పాడైపోతుందని. పాప రోజూ ఈ వీధిలోంచే బడికి పోతుంది. మొదట్లో నాకు చెయ్యి ఊపేది. ఇప్పుడు ఊపదు.

విశ్వాసం కోసం శ్రమలు తప్పవంటారా? అనండి, ఆ మాటే అంటారని తెలుసు. శ్రమ ఎవరిదో చూడండి మరి.

కళ్ళజోడు తుడుచుకోవడం ఆపి ఇటు చూడండి. ఒక మాట చెప్పాలి. మీరు నాకు ద్రోహం చేశారు, అందులో వెనక్కి తగ్గను. కానీ మీరు అచ్చువేసింది నేను రాసిందే.

ఆవిడ ఏమీ ఒప్పుకోలేదండీ. ఏ ప్రభువునీ అంగీకరించలేదు. తేలిక ఇంగ్లీషులో పుస్తకమేదైనా ఉంటే ఇవ్వండి అంటే సువార్త ఇచ్చాను. నెల తర్వాత తిరిగిచ్చింది. లోపల పెన్సిలు గీతలు. వాక్యాల కింద కాదు, అర్థం తెలియని మాటల కింద! కన్నీళ్ళతో చేతులెత్తింది అని రాశాను కదా, ఆ రోజు ఇస్త్రీ ఆవిరికి చెయ్యి బొబ్బలెక్కి ఏడ్చింది. నేను ఆ చెయ్యి పట్టుకుని ప్రార్థన చేశాను. మర్యాదకి ఆమెన్ అంది. ఆ ఒక్క ఆమెన్ పట్టుకుని రెండు పేజీలు అల్లాను. ఒక్కసారైనా మీరు భేష్ అంటారని.

వాళ్ళ అన్నయ్య అడిగిన రోజు, అబద్ధమండీ, నేనే కల్పించాను అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. అందరి ముందూ పరువు పోతుందని ఊరుకున్నాను.

ఇవాళ పొద్దున, మీ విమానం దిగకముందే, ఆ కొట్టుకి వెళ్ళి చెప్పేశాను. ఇప్పుడైనా పిలిపించండి, పాపకి తల్లినివ్వండి అని చేతులు జోడించాను. ఆయన రంగు డబ్బా కలుపుతున్నవాడు ఆగి, "ఊరి నోరు మీరు మూయిస్తారా?" అన్నాడు.

వెనక్కి తిరిగి వస్తుంటే మళ్ళీ పిలిచాడు.

"నేను మా చెల్లెల్నీ అడిగాను టీచర్. కాదు అని ఒక్క మాట అను, ఎవరొచ్చినా నేను చూసుకుంటాను అన్నాను. అనలేదు. మా టీచరమ్మ అబద్ధం రాయదు, అలా రాసిందంటే నా గురించి నాకు తెలియనిదేదో ఆవిడకి తెలిసే ఉంటుంది, అంది."

నమ్మిందండీ అయ్యగారూ ఆవిడ. దేవుణ్ణి కాదు. నన్ను.