కోటు జేబు ఏ వైపు

నా పేరు, చిరునామా ఈ కాగితం పైన గుమాస్తాగారు రాసుకున్నారు. పనిచేసే ఫోటో స్టూడియోలో మాత్రం నన్ను అందరూ టచింగ్ అక్క అంటారు. వయసు నలభై తొమ్మిది. ఇరవై ఆరేళ్ళుగా ఒకే స్టూడియో, ఒకే కుర్చీ. తీసిన ఫోటోల్లో మచ్చలు, మొటిమలు, కళ్ళ కింద నలుపు, గుంటలు తీసేయడం నా పని. గుర్తింపు కార్డుల ఫోటోలు కూడా నేనే తీస్తాను. ఈ నెల 9వ తేదీన పోలీస్ స్టేషన్లో ఒక ఫిర్యాదు ఇచ్చాను. ఈ రోజు 16. ఆ ఫిర్యాదులో అసలైన మాటే తప్పు. అది సరిచేయడానికి మేజిస్ట్రేట్ గారి ముందుకు నా అంతట నేనే వచ్చాను. నన్ను ఎవరూ పంపలేదు. మా ఆయనైతే వద్దనే అన్నాడు.

ఫిర్యాదు నా మేనకోడలి మీద. మా అన్నయ్య కూతురు. చిన్నప్పుడు బడి వదలగానే స్టూడియోకి వచ్చి నా పక్కన స్టూలు మీద కూర్చునేది. కూర్చున్నచోట కూర్చోదు కనుక పిచ్చుక అని పేరు పెట్టాను. ఇప్పుడది చర్మం డాక్టరు. ఈ ఏడాదే సొంతంగా క్లినిక్ పెట్టుకుంది. నా ఫిర్యాదు వల్ల 10వ తేదీ నుంచి ఆ క్లినిక్‌కు తాళం పడింది. ఎల్లుండి, 18న, డాక్టర్ల మండలి ముందు విచారణ. కుడి ఎడమలు చూసుకోకుండా తప్పు వైపు సూది వేసిందని తేలితే వైద్యం చేసే అనుమతి పోతుంది. నా తొందర అందుకే.

జరిగింది వరసగా చెబుతాను.

ఇన్నేళ్ళలో కొన్ని వేల మంది కళ్ళ కింద గుంటలు పూడ్చాను. నావి పూడ్చుకోలేకపోయాను. ఈ మధ్య ఒక్క నొక్కుతో కంప్యూటరే టచింగ్ అంతా చేసేస్తోంది. కిందటి నెల మా ఓనరు, "అక్కా, ఇకనుంచి నువ్వు ముందు కౌంటర్లో కూర్చో. వచ్చినవాళ్ళతో మాట్లాడుతూ ఉండు" అన్నాడు. కూర్చున్న మొదటి రోజే ముగ్గురు అడిగారు, ఒంట్లో బాగాలేదా అని. నా ఒంటికేమీ లేదు. మూడోవాడికి ఆ సంగతి కొంచెం గట్టిగానే చెప్పాను. ఓనరు విన్నాడు.

3వ తేదీ సాయంత్రం ఐదింటికి మేనకోడలి క్లినిక్‌కు వెళ్ళాను. నన్ను నిటారుగా కూర్చోబెట్టి, కళ్ళ కింద వేలితో తడిమి, గుంట ఒక వైపు ఎక్కువ లోతుగా ఉంది, ఆ వైపు మందు ఎక్కువ పడుతుంది, రెండో వైపు సగం చాలు అంది. మందంటే జిగురులాంటిది. సూదితో చర్మం కింద నింపితే గుంట పైకి లేస్తుంది. రెండు మూడు రోజులు వాపు ఉంటుందనీ, కమిలిన రంగు పోవడానికి పది రోజుల పైన పట్టవచ్చనీ ముందే చెప్పింది. చదివి సంతకం పెట్టమని కాగితం ఇచ్చింది. చదవకుండా పెట్టాను. తర్వాత ఫోన్ తీసి నా ముఖాన్ని ఫోటో తీయబోయింది.

"ఫోన్‌తో తీసేదీ ఒక ఫోటోయేనా? నా పక్కన కూర్చుని అన్నేళ్ళు ఏం చూశావే?" అన్నాను.

"రికార్డుకి కావాలత్తా."

"రేపు స్టూడియోలో తీసి నేనే పంపిస్తాను. లైటు ఎటునుంచి పడాలో నీకేం తెలుసు?"

అది నవ్వింది. "సరే గానీ, గుంటలు పూడ్చేసి మాత్రం పంపకు. నాకు పని లేకుండా పోతుంది" అంది.

4న పనిలో వేసుకునే కోటుతోనే కెమెరా ముందు కూర్చుని ఫోటో తీసుకున్నాను. గుంటల జోలికి పోలేదు. గడ్డం మీద ఒక పక్కన నాకొక పుట్టుమచ్చ ఉంది. దాన్ని తీసేశాను. చేతికి అలవాటు, ఊరుకోదు. పెద్ద సైజులో పంపించాను.

6వ తేదీ ఉదయం పది గంటల పది నిమిషాలకు క్లినిక్‌లో ఉన్నాను. మేనకోడలు నన్ను కూర్చోబెట్టి తెల్ల పెన్సిలుతో కళ్ళ కింద గుర్తులు పెట్టింది. పదిన్నరకు మొద్దుబారే క్రీము రాసి పడుకోమంది. పడుకున్నాక సూది గుర్తొచ్చింది. నలభై తొమ్మిదేళ్ళ మనిషిని, ఏడుపొచ్చింది. కాగితంతో తుడుచుకున్నాను. క్రీముతోపాటు గుర్తులూ పోయాయి. అప్పటికే క్రీముకు రెండు కళ్ళ కిందా చర్మం కొంచెం ఉబ్బింది. ఏది లోతో తెలియకుండా అయింది.

మధ్యలో ఇంకో ఇద్దరు రోగులను చూసి వచ్చిన మేనకోడలు నన్ను చూసి, "లేచి కూర్చోత్తా. ఒక గంట ఆగి ఉబ్బు తగ్గాక మళ్ళీ గుర్తులు పెడతాను" అంది.

ఒంటిగంటకు నేను కౌంటర్లో ఉండాలి. "ఎదురుగా ఫోటో ఉందిగా. అంత పెద్దది పంపించింది దేనికి? అది చూసి చెయ్యి" అన్నాను.

అది గడియారం చూసింది. తర్వాత గోడమీది తెరలో ఫోటో చూస్తూ, "ఎడమ వైపు కదా ఎక్కువ?" అని అడిగింది.

నేను అప్పటికే కళ్ళు మూసుకున్నాను. "ఫోటోలో ఎలా ఉంటే అలా. నా ఫోటో తప్పవదు" అన్నాను.

ఈ మాట నేనే అన్నాను. దయచేసి ఇది ఉన్నదున్నట్టు రాయండి. నా ఫోటో తప్పవదు.

పదకొండూ ఇరవై అయిదుకు మొదలుపెట్టి పదకొండూ యాభైకి ముగించింది. ఒంటిగంటకు కౌంటర్లో కూర్చున్నాను. నాలుగింటికి ఎడమ కన్ను బరువెక్కింది. మర్నాడు 7న పొద్దున్న ఆరుంబావుకు అద్దంలో చూసుకుంటే ఎడమ కన్ను కందిరీగ కుట్టినట్టు పూర్తిగా మూసుకుపోయి ఉంది. కుడి కంటి కింద వేలు పెట్టి చూశాను. గుంట గుంటలాగే ఉంది. లోతుగా ఉన్న కన్ను అలాగే ఉండిపోయి, బాగున్న కన్ను ఉబ్బింది. మా ఆయన బస్సు డ్రైవరు. డ్యూటీకి వెళ్తూ నన్ను చూసి, "ఇదేంటే, ఒక హెడ్‌లైటు పోయింది" అన్నాడు. నేను నవ్వకపోయేసరికి చెప్పులు వేసుకోవడం ఆపి పక్కన కూర్చున్నాడు.

ఆరూ ఇరవైకి మేనకోడలికి ఫోన్ చేశాను. చూపు మసకగా ఉందా, పోటు ఎక్కువగా ఉందా, చర్మం తెల్లగా పాలిపోయిందా అని మూడు ప్రశ్నలు అడిగింది. మూడింటికీ లేదన్నాను. అయితే భయం లేదు, వాపు తగ్గుతుంది అంది. "తగ్గడం కాదు, నువ్వు వైపు తప్పావు" అన్నాను. ఇప్పుడే వస్తానంది. రావద్దని పెట్టేశాను.

8న వాపు బుగ్గదాకా దిగింది. సాయంత్రం అయిదున్నరకు మేనకోడలు వచ్చి తలుపు కొట్టింది. నేను గడియ తీయలేదు.

"ఒక్కసారి చూడనియ్యత్తా."

"చూసింది చాలు."

అది వెళ్ళలేదు. తలుపు కింది సందులోంచి దాని చెప్పులు కనబడుతున్నాయి. తర్వాత, "ఒక్క మాట చెప్పు. నీ స్టూడియో కోటుకి జేబు ఏ వైపు ఉంటుంది?" అని అడిగింది.

నాకు ఒళ్ళు మండింది. "నా కన్ను పోతుంటే నీకు కోటు జేబు కావలసొచ్చిందా? ఎడమ వైపు. అందరికీ ఉండే వైపే" అన్నాను.

చెప్పులు వెళ్ళిపోయాయి. తలుపు తీస్తే గడప మీద ఒక సంచి ఉంది. అందులో చల్లటి మూట, వాపు మాత్రలు, ఒక కాగితం. రెండు దిండ్ల మీద తల పెట్టుకుని పడుకోవాలి, వంగకూడదు, నలపకూడదు, ఇన్నో రోజుకు ఈ రంగు వస్తుంది, భయపడకు అని రాసి ఉంది. అందులో ఉన్నవన్నీ చేశాను. చేస్తూనే ఫిర్యాదు రాశాను.

9న పొద్దున్న పదింటికి స్టేషన్లో ఇచ్చాను. సరైన ఫోటో ఇచ్చినా చూసుకోకుండా తప్పు వైపు సూది వేసిందని రాశాను. మర్నాడు నాలుగింటికి పిలిచి, మేనకోడలు ఇచ్చిన వాంగ్మూలం చదివి వినిపించారు. "ఫోటో సరిగ్గానే ఉంది. కుడి ఎడమలు నేనే తికమకపడ్డాను. తప్పు నాదే" అని అందులో ఉంది. నాకు సంతోషం కలిగింది. చెప్పడానికి నోరు రావడం లేదు గానీ, సంతోషమే కలిగింది. ఆ సాయంత్రం మా అన్నయ్య ఫోన్ చేశాడు. తిట్టలేదు. "కన్నెలా ఉందమ్మా?" అని మాత్రం అడిగాడు. దానికీ సరిగ్గా జవాబు చెప్పలేదు.

సాక్ష్యం కోసం రోజూ ఫోటో తీసుకోమని స్టేషన్లో చెప్పారు. 9 నుంచి 14 దాకా, రోజూ ఉదయం తొమ్మిదిన్నరకు, అదే కెమెరా, అదే లైటు, అదే కోటు. సాక్ష్యం కనుక ఒక చుక్క కూడా ముట్టుకోలేదు. 9న వంకాయ రంగు. 11న అంచుల్లో పచ్చదనం. 13న పసుపు. 14న వాపు పోయింది, కన్ను పూర్తిగా తెరుచుకుంది. ఆ కాగితంలో ఏ రోజుకు ఏ రంగు రాసిందో ఆ రోజుకు ఆ రంగే వచ్చింది.

14న పదకొండూ ఇరవైకి ఈ ఆరు ఫోటోలనూ తెర మీద వరసగా పెట్టాను. వరసలో అన్నిటికన్నా మొదట, సూదికి ముందు తీసి పంపిన ఫోటో పెట్టాను. నా కోటు జేబులో ఎప్పుడూ ఎర్ర మూత పెన్ను ఉంటుంది. ఆరు ఫోటోల్లో పెన్ను ఒక వైపు ఉంది. మొదటి ఫోటోలో రెండో వైపు ఉంది.

మళ్ళీ చూశాను. కోటు మీద చెయ్యి వేసుకుని చూశాను. జేబు ఎడమ వైపే ఉంది. ఫోటోలో కుడి వైపు ఉంది. కౌంటర్ దగ్గర ఎవరో నన్ను పిలుస్తున్నారు. నేను జేబు చూస్తున్నాను.

నా ఫోటో ఎప్పుడు తీసుకున్నా నేను దాన్ని కుడి ఎడమలు తిప్పుతాను. మనిషికి తన ముఖం అద్దంలోనే తెలుసు. తిప్పని ఫోటోలో నాకు నేనే ఎవరోలా కనిపిస్తాను. తిప్పాక, ఆ, ఇది నేను అనిపిస్తుంది. ఇరవై ఆరేళ్ళుగా చేస్తున్నాను, తిప్పానన్న ధ్యాస కూడా ఉండదు. పుట్టుమచ్చ ఉంటే మేనకోడలు అప్పుడే పట్టేసేది. దాన్నీ తీసేశాను.

అప్పుడు గుర్తొచ్చింది, తలుపవతల నుంచి అది అడిగిన మాట. జేబు ఏ వైపు అని. అంటే 8వ తేదీకే దానికి తెలుసు. తెలిసి, 10న ఫోటో సరిగ్గానే ఉందని చెప్పింది.

ఎందుకు చెప్పిందో కూడా అక్కడే తెలిసింది. మా స్టూడియోలో కార్డుల ఫోటో తిప్పడం పెద్ద నేరం. నా పక్క కుర్చీలో ఒకతను ఉండేవాడు, ఒకే ఒక్క ఫోటో తిప్పినందుకు ఆ రోజే ఇంటికి పంపించారు. ఆ కథ స్టూలు మీద కూర్చున్న పిచ్చుకకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. "అక్కడ తిప్పితే కొలువు పోతుందే" అని.

14 మధ్యాహ్నం నుంచి 15 సాయంత్రం దాకా ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇది ఎవరూ అడగలేదు, నేనే చెబుతున్నాను. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. ఒక రోజు పైగా నా మేనకోడలు నా తప్పు మోస్తోందని తెలిసి, అన్నం తిన్నాను, కౌంటర్లో కూర్చున్నాను, వచ్చినవాళ్ళతో మాట్లాడాను. ఒంట్లో బాగాలేదా అని ఎవరూ అడగలేదు.

15 సాయంత్రం ఆరింటికి అన్నయ్య ఇంటికి వెళ్ళాను. తలుపు మేనకోడలే తీసింది. ముందు నా గడ్డం పట్టుకుని ముఖాన్ని లైటు వైపు తిప్పింది. వేలితో నొక్కి చూసింది. "వాపు పూర్తిగా పోయింది. ఎడమ వైపు ఎక్కువైన మందు కరిగించడానికి ఇంజెక్షన్ ఉంది. కానీ నేనిప్పుడు చెయ్యకూడదు. ఇంకో డాక్టరు పేరు రాసిస్తాను" అంది.

"జేబు సంగతి ఎందుకు చెప్పలేదే?" అన్నాను.

"నువ్వు అబద్ధం ఆడలేదుగా అత్తా. నీకు తెలిసిన ముఖం పంపించావు. అయినా గంట ఆగకపోవడం నా తప్పే. నేను ఎప్పటికైనా మళ్ళీ మొదలుపెట్టుకోగలను. ఈ వయసులో నిన్ను ఆ కుర్చీలోంచి లేపితే ఇంకెవరు కూర్చోబెడతారు?"

దాని చెయ్యి పట్టుకున్నాను, అంతే.

ఈ రోజు ఉదయం తొమ్మిదింటికి ఓనరుకు అంతా చెప్పాను. ఆయన ఫోటో చాలాసేపు చూశాడు. ఇన్నేళ్ళ కార్డు ఫోటోలన్నీ తీసి చూస్తానన్నాడు. చూడమన్నాను. నా ముఖం తప్ప ఇంకెవరి ముఖమూ నేను తిప్పలేదు. కోటు విప్పి ఆయన టేబులు మీద పెట్టి వచ్చాను.

మేజిస్ట్రేట్ గారు అడిగిన మీదట చెబుతున్నాను. డాక్టరు నా ముఖం స్వయంగా చూసింది, స్వయంగా గుర్తులు పెట్టింది. అవి తుడిచింది నేను. ఆగుతానంటే ఆగనివ్వనిది నేను. ఎడమ వైపా అని అడిగితే కళ్ళు మూసుకుని జవాబు చెప్పింది నేను. "తప్పు నాదే" అని ఆమె ఇచ్చిన మాట మీద విచారణ జరగకూడదనీ, ఈ కాగితం 18వ తేదీ లోపల మండలికి చేరాలనీ కోరుతున్నాను. తిప్పిన ఫోటో, తిప్పని ఆరు ఫోటోలు, ఆమె గడప మీద పెట్టిన కాగితం జతచేస్తున్నాను.

పైన రాసినదంతా నాకు వినబడేలా చదివారు. నేను చెప్పినట్టే ఉంది. ఎవరి బలవంతమూ లేదు. ఇందులో ఎక్కడా టచింగ్ చేయలేదు.

సంతకం చేశాను. గుమాస్తాగారు ఎడమ బొటనవేలి ముద్ర కూడా అడిగారు. ఏది ఎడమో రెండుసార్లు చూసుకుని వేశాను.