పెద్దసారు బ్లాగులో నా ఎడమ చెవి

వరద నీళ్లు మా ఫ్యాక్టరీ గేటును ముంచిన మూడేళ్లకు జరిగింది ఇది. నేను అక్కడ బాయిలర్ చూసుకునేవాణ్ణి. మా అమ్మాయి అదే కంపెనీ ఆఫీసులో గుమాస్తా. యజమానిని మేమంతా పెద్దసారు అనేవాళ్లం. ఆ సాయంత్రం చెప్పులైనా విప్పకుండా ఫోను పట్టుకుని నా ముందు నిలబడింది.

"నాన్నా, పెద్దసారు బ్లాగు మొదలుపెట్టారు. మొదటిరోజే నీ గురించి రాశారు."

"బ్లాగంటే?"

"తన మాటలు తనే నెట్‌లో రాసుకోవడం. లోకమంతా చదువుతుంది. విను. ‘మా బాయిలర్ పెద్దాయనకు ఎడమ చెవి వినపడదు. అయినా ఆవిరి సంగతి ఆయనకు తెలిసినంత ఎవరికీ తెలియదు.’ నిజమేనా?"

నేను తువ్వాలు ఎడమ చెవి మీదికి లాక్కున్నాను.

"బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటే ఎలా? చెప్పు!"

"సారు నా పక్కనే కూర్చుని టీ తాగారమ్మా. ప్రేమగా అడిగితే నోరు జారాను."

"అమ్మకి చెప్పవు, నాకు చెప్పవు, ఆయనకి చెప్పావా!"

"ఊరంతా దండోరా వేస్తారనుకోలేదు."

"ఆయన మెచ్చుకుంటూనే రాశారు. కానీ బాయిలర్ల ఇన్‌స్పెక్టరూ చదివాడు. ఎల్లుండి నీకు చెవి పరీక్షట. తప్పితే ఉద్యోగం పోయినట్టే. అది తీసేయమని సారుని బతిమాలనా?"

"వద్దు. పోయిన నెల ఆవిరి ఎక్కువై ఎడమవైపు వాల్వు కూసింది. నాకు వినపడలేదు. పక్క షిఫ్టు మేస్త్రి పరుగెత్తుకొచ్చి మంట ఆర్పకపోతే బాయిలర్ పేలిపోయేది."

"నాన్నా! ఆ బాయిలర్ గది గోడకి అవతలే కదా నా కుర్చీ!"

అన్నాళ్లూ నాకు ఆ ఆలోచనే రాలేదు.

పరీక్ష దాకా ఆగలేదు. మర్నాడు పొద్దున్నే బాయిలర్ గది తాళాలు ఆ మేస్త్రి చేతిలో పెట్టి ఇంటికి వచ్చేశాను.